ఆర్మూరులో ‘ఇంజనీరు’ అను మాట

శ్రావణమాసమున ఒకనాటి ఉదయము, మామిడిపల్లి చౌరస్తాలో టీ హోటలు ముందటి బల్లపై కూర్చుండి దినపత్రిక తిరగవేయుచున్న ఒక వృద్ధ రైతు, తన ప్రక్కవానితో, “వెయ్యి ఎనభై ఏడు దాటిందట. ఇన్‌ఫ్లో లక్షకు మీదికెల్లే ఉన్నది. ఇట్లనే వస్తే నాలుగొద్దులల్ల గేట్లు లేపుడే” అని పలికి, పత్రిక మడిచి, సాసరులోని టీని ఊదుకొని త్రాగెను. ఆయన చదివినది నాలుగవ తరగతి. పండించునది పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న. అయినను ఆయన పలికిన యా రెండు ముక్కలలో జలాశయపు మట్టము, ప్రవాహపు పరిమాణము, ఆనకట్ట క్షేమమునకై నీటిని విడువవలసిన సమయము, అన్నియు ఇమిడియే యున్నవి. ఆర్మూరునకు ఉత్తరమున, నాగపూరు పోవు రహదారి చెంతనే, 1963 జూలై 26న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగరు ప్రాజెక్టు కలదు. దాని పూర్తి మట్టము 1091 అడుగులనియు, దానికి 42 గేట్లనియు ఈ ప్రాంతమున పశువులు కాచు పిల్లవాడును చెప్పగలడు.

ఆ అంకెలను ఒకింత విప్పి చెప్పవలసియున్నది. ఒక ఘనపుటడుగు నీరనగా ఇంచుమించు 28 లీటర్లు, అనగా రెండు పెద్ద బిందెలు; సెకనుకు అంత నీరు పారుచున్నచో దానిని క్యూసెక్కందురు; అట్టి ఘనపుటడుగులు నూరుకోట్లు ఒకచో నిలిచినచో అది ఒక టీఎంసీ; లెక్క కట్టి చూచినచో దాదాపు పదునొకండున్నర వేల క్యూసెక్కుల ప్రవాహము ఒక అహోరాత్రము ఎడతెగక వచ్చిననే గాని జలాశయమున ఒక్క టీఎంసీ చేరదు. ఇవి యొకప్పుడు ఇంజనీర్ల నోటుపుస్తకములలో, అందును ఆంగ్లమున మాత్రమే, కాపురముండిన మాటలు. కేంద్ర జలసంఘములో ఉద్యోగము చేసి విరమించిన ఆర్. విద్యాసాగరరావు వంటి ఇంజనీర్లు తెలంగాణ ఉద్యమకాలమున నదీజలముల వాటాలను, నికర జలములకును మిగులు జలములకును గల భేదమును, సభలలోను పత్రికలలోను పల్లెవారికి బోధపడునట్లు వ్యాఖ్యానింపగా, ఆ మాటలు క్రమక్రమముగా కాగితము దిగి కాలువగట్టు నెక్కినవి. ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అను నినాదములో మొదటి పదము ఇంజనీరు నోటినుండి రైతు నోటికి వచ్చినది. మూడవ పదమును మాత్రము రైతు కొడుకు ఇంజనీరింగు చదివి వచ్చి తానే నోట పట్టినాడు.

ఈ మూడవ పదముతోనే నాకు పని. ఏలయన, క్యూసెక్కులను అంత గౌరవముతో ఉచ్చరించిన యా టీ హోటలు బల్లమీదనే, పది నిమిషములు గడవకమున్నే, మోటారుసైకిలుపై పోవుచున్న ఒక యువకుని చూచి, “గా పిలగాడు ఏం జేస్తున్నడే?” అని ఒకరడుగగా, “బీటెక్ అయిపోయింది” అని మరియొకరు బదులిచ్చిరి, ఆ బదులుతో ప్రశ్న ముగిసినది. అడిగినది ఏమి చేయుచున్నాడని. చెప్పినది ఏమి అయిపోయినదని. పంట అయిపోయినది, పైకము అయిపోయినది, పెండ్లి అయిపోయినది అనునపుడు వినిపించు నిట్టూర్పు ఈ ‘అయిపోయింది’లోను లేకపోలేదు. ఇంతలో వెనుకనుండి ఒకడు, “ఆర్మూరుల రాయి ఇసిరితే ఇంజనీరుకే తాకుతది” అనెను. ఇది ఈ యూరికే పరిమితమైన హాస్యము కాదు. వరంగల్లులోను, విజయవాడలోను, ఊరి పేరు మార్చి ఇదే విందుము. కాని చుట్టును గుట్టలుగా రాళ్లు పేర్చియున్న ఆర్మూరున, నవనాథ సిద్ధుల గుట్ట నీడలో కూర్చుండి ఈ మాట విన్నపుడు దానికి కొంత అదనపు బరువు వచ్చును.

ఒకే పదమునకు ఒకే బల్లమీద ఇంతటి మన్ననయు ఇంతటి పరిహాసమును ఎట్లు కలిగెను? ఇందుకు కొంత వెనుకకు పోవలెను.

తెలుగునాట ఇంజనీరు మొదట దొర. 1794లో మదరాసున స్థాపింపబడి, పిదప గిండీ ఇంజనీరింగు కళాశాలగా పరిణమించిన విద్యాలయము పుట్టినపుడు కేవలము సర్వే పాఠశాల, అనగా భూమిని కొలుచు విద్యను నేర్పు బడి. ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటను గోదావరి జిల్లాల జనుల నాలుకపై ‘కాటన్ దొర’యై, భగీరథునితో సమానుడై, నేటికిని పూలమాలలు అందుకొనుచున్నాడు. మన నైజాము ప్రాంతమున ఆ స్థానము నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరుది. 1877 జూలై 11న జన్మించి, ఇంగ్లాండులోని కూపర్స్ హిల్ కళాశాలలో విద్య ముగించి వచ్చి, హైదరాబాదు సంస్థానపు ప్రధానాభియంతయై, మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరును నిర్మింపజేసినవా డాయన. దేశమంతయు విశ్వేశ్వరయ్య జయంతియగు సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినముగా జరుపుకొనగా, తెలంగాణమున నవాబుగారి పుట్టినదినమును గూడ అట్లే జరుపుచున్నారు. నిజాంసాగరు కాలువలు పారిన తరువాత బోధను, వర్ని ప్రాంతములకు కృష్ణా గోదావరి మండలములనుండి రైతులు తరలివచ్చి ఊళ్లు కట్టుకొనిరి. ఆ ఊళ్లకు నేటికిని ‘క్యాంపు’ అనియే పేరు. నిర్మాణపు పనివారి గుడారములకు చెల్లవలసిన మాట శాశ్వత నివాసమునకు అంటుకొనిపోయినది. వెనుకనే 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసెను. ఒక కట్టడమువలన ఒక తాలూకా యొక్క పంటయు, జనమును, భాషయు మారుట కిది చాలిన దృష్టాంతము.

(అభియంత యను మాటను పైన నేను వాడితిని గాని, అది హిందీనుండి తెచ్చి పెట్టుకొన్న నగ, తెలుగు చెవికి అది యేనాడును అతుకలేదు. స్థపతి యన్నచో దేవాలయము తలపునకు వచ్చును. యంత్రశాస్త్రజ్ఞుడన్నచో అద్దాల ముసలాయన కనిపించును. ఇంజనీరు అను మాటనే మనవారు నమలి మ్రింగి తమదిగా చేసికొనిరి.)

కాలువ వచ్చిన చోటికెల్ల దాని మాటలు వచ్చినవి. అంతకుముందు చెరువు క్రింద తూము, మత్తడి, నీరటికాడు అను మూడు మాటలతో నీటి పాలన జరిగిపోవుచుండెను. నీరటికాడు ఊరివాడే, ఎవరి మడికి ఎన్ని గడియల నీరో వాని తలలోనే యుండెడిది. కాలువతో లష్కరు వచ్చెను, ఓవర్సీరు వచ్చెను, వారిపై ఏఈ, డీఈ, ఈఈ, ఎస్‌ఈ అను అక్షరముల నిచ్చెన వచ్చెను. శ్రీరాంసాగరు కాలువలకు డీ-83 వంటి అంకెల పేర్లే యుండగా, కరీంనగరు వైపు రైతులు ఆ అంకెలనే ఊరి పేర్లవలె, బంధువుల పేర్లవలె పలుకుదురు. ఇంజనీరు జీపు గట్టుమీద ఆగినచో పొలము చేయువారు తలపాగా తీసి నిలుచుండిన దినములవి. అతడు సంతకము చేసిననే తూము లేచును. పొలమునకు నీరిచ్చువాడు కావున ఆ గౌరవము కొంత నిజమైనది, లంచముల ప్రసక్తియు అప్పుడప్పుడు గలదు కావున కొంత భయముతో కూడినది.

అట్టి రైతు క్రమముగా ఇంజనీరు నెదుట తల యెత్తుట నేర్చినాడనుటకు 2019 నాటి లోకసభ ఎన్నికకంటె మంచి నిదర్శనము నాకు తోచదు. పసుపునకు బోర్డు కావలెననియు, పసుపు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర కావలెననియు ఆర్మూరు రహదారులపై బైఠాయించి అలసిన రైతులు, నామినేషన్లు వేయ నారంభించిరి. తుదకు నిజామాబాదు నియోజకవర్గమున పోటీలో నిలిచినవారు 185 మంది. వారిలో అత్యధికులు రైతులే. ఒక బ్యాలెటు యంత్రముపై పదునారు పేర్లకే చోటు. పాతరకపు యంత్రములను కలిపినను 64 పేర్లకు మించవు. కనుక ఎం-3 యను క్రొత్తరకపు యంత్రములను తెప్పించి, ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండేసి పెట్టెలను వరుసగా అమర్చి, ఇంజనీర్లను రప్పించి పరీక్షింపజేసి, ఏప్రిలు 11న ఓటింగు జరిపిరి. గిట్టుబాటు ధర యను ఆర్థిక సమస్య వైరింగు సమస్యగా మారి ఢిల్లీదాక పోయినది. మన పత్రికలు కులముల కూడికలను ‘సోషల్ ఇంజనీరింగ్’ అని వ్రాయుచుండును. ఆ పేరునకు తగిన పని యేదైన నున్నచో, ఆ పండ్రెండు పెట్టెల వరుసయే యని నా తలంపు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమై, నిజామాబాదు దానికి కేంద్రస్థానమైనది.

ఇక పరిహాసపు వైపునకు వత్తము. హైదరాబాదున ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో ఆరంభమైనది; వరంగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు 1959లో నెహ్రూ పునాదిరాయి వేసెను; జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 1972లో వెలసినది. అంతవరకు జిల్లాకు ఏటేట కొలదిమంది ఇంజనీర్లు. ఊరిలో ఒకడు ఇంజనీరైనచో ఆ యూరికే బిరుదు. 1986లో ఎంసెట్ వచ్చి ‘ర్యాంకు’ అను మాటను ఇంటింటికి తెచ్చినది. 1998లో హైటెక్ సిటీ లేచినది. 2008 ప్రాంతమున ఫీజు రీయింబర్సుమెంటు పథకము వచ్చి, బీదవాని బిడ్డకును కళాశాల గడప తెరచినది. ఇది చిన్న మేలు కాదు. దీనిని వెక్కిరించువారి పిల్లలు ఎట్లైనను చదువుకొనగలవారే యని మరువరాదు. కాని గడప తెరచినంత వేగముగా గదులలో గురువులు నిండలేదు. ఉమ్మడి రాష్ట్రమున కళాశాలల సంఖ్య ఒక దశలో సుమారు 700కు పోయినది; మొక్కజొన్న చేలనడుమ గాజుటద్దముల భవనములు లేచినవి; ఉదయమున పసుపు బస్సులు ఊరూర తిరిగి పిల్లల నెత్తుకొని పోవుచుండగా, ప్రయోగశాలలో యంత్రము ఒకటి, దాని చుట్టును విద్యార్థులు అరువదిమంది, నడిపి చూచినవాడు ఒకడు.

ఈ విద్యార్థిలోకము తనకై యొక భాష కల్పించుకొన్నది. పరీక్ష తప్పుట యను మాట దానిలో లేదు. ‘సప్లీ’ యుండును, ‘బ్యాకు’ లుండును, హాజరు నూటికి 75 కంటె తగ్గినచో రుసుము కట్టి క్షమాపణ పొందు ‘కండోనేషన్’ ఉండును, అదియు దాటినచో ‘డిటెయిన్’. సీఎస్‌ఈ, ఈసీఈ, ట్రిపుల్‌ఈ, మెక్, సివిల్ అనునవి శాఖలు మాత్రమే కావు, వర్ణవ్యవస్థ. ఎవరు ముందు, ఎవరు వెనుక యనునది ఏటికేడు ఉద్యోగముల గాలినిబట్టి మారును గాని, అంతరువులు మాత్రము మారవు. ‘కన్వీనర్ కోటా’ అనునపుడు కంఠము లేచును; ‘మేనేజ్‌మెంట్ సీటు’ అనునపుడు దిగును. ఒకనాడు నేను ఒక అడ్తి దుకాణమున కూర్చుండగా, పసుపు అమ్మవచ్చిన తాతతో మనుమడు, “తాతా, నాకింక నాలుగు బ్యాకులున్నయి, అవి క్లియర్ జేసుకోవాలె” అనెను. తాత ఉలికిపడి, “నాలుగు బాకీలా? ఎవలికిరా? ఎంత మిత్తికి తెచ్చినవ్?” అని అరచెను. దుకాణములో అందరును నవ్వితిమి. అడ్తిదారు మాత్రము నవ్వక, “రెండూ ఒకటే పటేలా, కట్టేదాంక నిద్ర పట్టది” అనెను. ఆ వ్యాపారి కంటె చక్కగా ఆ పదమునకు అర్థము చెప్పిన నిఘంటువు నేను చూడలేదు.

చదువు ముగిసిన పిదప మాటలు మరల మారును. హైదరాబాదు అమీరుపేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల ‘కోర్సు’ చేయుట, కంపెనీలో చేరియు పనిలేక ‘బెంచి’పై నుండుట, అదృష్టము పండినచో ‘ఆన్‌సైట్’ పోవుట, జీతము ‘ప్యాకేజీ’గా పేరు మార్చుకొనుట, ఇవన్నియు ఇప్పుడు తెలుగే. కాని అన్నిటికంటె వింతయైనది, ‘సాఫ్ట్‌వేర్’ అను వస్తువాచకము మనుష్యవాచకమైపోవుట. “మా అల్లుడు సాఫ్ట్‌వేర్” అని ఈ ప్రాంతపు అత్తగారు సగర్వముగా చెప్పును. సాఫ్ట్‌వేర్ సంబంధమనగా కట్నకానుకల లెక్క వేరు. “మా అల్లుడు సివిల్” అన్నచో వినువారు మున్ముందు కలెక్టరగునేమో యని భ్రమపడి, ఇటుకలు సిమెంటు సంగతియని తెలిసినంతనే నిమ్మళించెదరు. తమిళమునుండి వచ్చిన ‘రఘువరన్ బీటెక్’ అను చిత్రము 2015లో తెలుగునాట ఆడినపుడు, పేరు ప్రక్కన పట్టమును తగిలించుకొని పనిలేక తిరుగు కథానాయకుని చూచి మన యువకులు ఈలలు వేసిరి. ఆ ఈలలలో సగము తమకొరకే.

ఇట్లు పట్టము పొందినవానికి పేరున్నది, పని లేదు. మరి పని చేయుచున్నవారి పేరేమి?

ఆర్మూరు చుట్టుప్రక్కల ఊళ్లలో గల్ఫు దేశములకు పోయినవా డొక్కడైన లేని ఇల్లు అరుదు. దుబాయిలోనో, సౌదీలోనో ఇరువదియేండ్లు కడ్డీలు కట్టి, పలకలు బిగించి తిరిగివచ్చిన ఒకాయన, తన పనిస్థలమును గూర్చి చెప్పుచు, “ముహందిస్ వచ్చి చూసి పోయేటోడు” అనెను. అరబ్బీలో ఇంజనీరునకు ముహందిస్ అని పేరు. ఆ మాటకు మూలము హందసా, అనగా క్షేత్రగణితము. దానికిని మూలము కొలత యని యర్థమిచ్చు ప్రాచీన పారసీక పదము. ఆ పదపు మరియొక సంతానమే అందాజా. తెలంగాణమున మనము నోరు తెరచినచో పలుకు ‘అందాజ’యే యిది! “అందాజగ ఎంతైతది?” అని పసుపు కుప్పను చూపి అడుగువాడును, బహుళాంతస్తుల భవనమునకు లెక్కలు గట్టు ముహందిసును, మాటవరుసకు సగోత్రికులు. ఈ చుట్టరికము తెలిసిననాటినుండి, సర్కారు కచ్చేరీలో ఎస్టిమేటు అను కాగితమును చూచినప్పుడెల్ల నాకు నవ్వు వచ్చుచుండును. అదియు నొక అందాజయే గదా, ముద్ర మాత్రమే యధికము.

తెలంగాణమున ఇల్లు కట్టువానిని సుతారి యందురు. కోస్తావారికి ఈ మాట క్రొత్త. వారు మేస్త్రి యందురు, అది పోర్చుగీసువారు విడిచిపోయిన మాట. సుతారి సూత్రధారినుండి వచ్చినది. సూత్రమనగా దారము, దారము పట్టి కొలుచువాడు సూత్రధారి, మరాఠీలో వడ్రంగిని సుతారు అనుటయు ఇందువలననే. నాటకమున తెర ముందు నిలిచి కథ నడుపు సూత్రధారుడును ఈ పేరిటివాడే కాగా, మన సుతారి మాత్రము ఎండలో నిలిచి, పారదర్శకమైన గొట్టములో నీరు పోసి, రెండు కొనలలో నీటిమట్టము సరిపోవువరకు, ఒక కన్ను మూసికొని చూచుచుండును. సైటుకు వచ్చిన క్రొత్త ఇంజనీరు టేపుతో కొలిచి గోడ పొడవు చెప్పునంతలో సుతారి జానలతో చెప్పి యుండును. ఇద్దరి లెక్కకును అంగుళము తేడా వచ్చినచో ఎవరిది తప్పో ముందుగా తెలియునది కూలీలకు. ఐరోపాలోని మాట చరిత్రయు ఇట్టిదే. లాటిను భాషలో ఇంజీనియం అనగా పుట్టుకతో వచ్చిన తెలివి. దానినుండి కోటలు పగులగొట్టు యంత్రములకు పేరు వచ్చి, వానిని చేయువానికి ఇంజనీరని పేరు వచ్చినది. యుద్ధముతో సంబంధము లేని వంతెనలు, దీపస్తంభములు కట్టువాడు గావున పదునెనిమిదవ శతాబ్దమున జాన్ స్మీటను అను ఆంగ్లేయుడు తన్ను సివిలు ఇంజనీరుగా పిలుచుకొనెను. కొలత, దారము, తెలివి, ఈ మూడును మూడు భాషలలో ఈ వృత్తికి పేర్లైనవి. పట్టము అను అర్థము మాత్రము ఏ భాషలోను ఆ మాటకు పుట్టుకతో లేదు. అది మనము చేర్చినది.

2023 అక్టోబరులో మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు కుంగినపుడు, ఇదే మామిడిపల్లి బల్లమీద ‘పిల్లరు’, ‘బ్లాకు’, ‘సీపేజి’ యను మాటలు వారముల తరబడి నలిగినవి. తప్పెవరిది యను వాదములోనికి నేను దిగను. ఆ మాటల నడుమ ఒక సుతారి, “ఇసుక మీద కడితే ఇసుకను అడగాలె గదా” అని గొణిగెను. ఎవరును అతనివైపు తిరుగలేదు.

ఫాల్గుణమున పసుపు ఉడుకు కాలము. పసుపు తవ్వి, మండనుండి కొమ్ములు విరిచి, ఉడికించి, పదిపదునైదు దినములు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి త్రిప్పి మెరుగు పెట్టినగాని సరకు మార్కెట్టుకు పనికిరాదు. నూరు కిలోల పచ్చి పసుపు ఎండి ఇరువది కిలోలకు అటునిటు దిగును. ఉడుకు తక్కువైనచో కొమ్ము సరిగా ఎండక పురుగు పట్టును. ఎక్కువైనచో రంగు చెడును. పూర్వము పెద్ద కడాయిలలో నీరు పోసి ఉడికించెడివారు. ఇప్పుడు ట్రాక్టరు వెనుక లాగుకొని పోదగిన ఆవిరి బాయిలర్లు వచ్చినవి. నడుమ నీటి తొట్టి, క్రింద కట్టెల మంట, ప్రక్కల పసుపు నింపు డ్రమ్ములు, తొట్టినుండి డ్రమ్ములకు ఆవిరి గొట్టములు. ఇట్టివానిని వెల్డింగు దుకాణములలోనే చేయుదురు. ఆవిరి బాయిలర్లకు మనదేశమున 1923 నుండియు చట్టమున్నదనియు, ఆవిరితో ఆటలు కూడవనియు తెలిసిన నాకు, అంకాపూరు దారిలోని ఒక చేనిలో అట్టి బాయిలరు ప్రక్కన నిలిచినపుడు అడుగు వెనుకకే పడినది.

దానిని నడుపునది ఏడవ తరగతి చదివిన ఒక నడివయసు మనుష్యుడు. ఆవిరి గొట్టముపై చెవి యొగ్గి, మూత సందులనుండి వచ్చు వాసన పీల్చి, ఒక కొమ్మును బయటకు తీయించి, పుల్లతో గ్రుచ్చి, విరిచి, “ఇంకో ఐదు నిమిషాలు” అనెను. గొట్టముమీద గుండ్రని ఒత్తిడి కొలమానము బిగించియున్నది. అది 1849లో యూజీన్ బోర్డాను అను ఫ్రాన్సుదేశీయుడు కనిపెట్టిన సాధనము. వంపు తిరిగిన ఒక సన్నని గొట్టము ఒత్తిడికి నిటారగుటకు యత్నించుచు ముల్లును త్రిప్పును. ఆ కొలమానమునకును పెద్ద గొట్టమునకును నడుమ ఇనుప గొట్టము నొకచుట్టు చుట్టి పెట్టియుండుట చూచి, అదేమని అడిగితిని.

“జిలేబి పైపు సార్” అనెను. ఆ పేరు తనదే. “మీటరు కొన్న కొత్తల ముల్లు రెండొద్దులే తిరిగింది. గా తర్వాత కదలలే. మావోడు బీటెక్ మెకానికల్, ఇప్పుడు హైదరాబాదుల సాఫ్ట్‌వేర్‌ల టెస్టింగ్ జేస్తడు. ఫోన్ల చూపెడితే అన్నడు, బాపూ, ఆవిరి సీదా మీటర్లకు పోతున్నది, అండ్ల వేడికి కరాబైంది, నడుమ పైపు చుట్టు తిప్పు, అండ్ల నీళ్లు నిలుస్తయి, నీళ్లు ఆవిరిని ఆపుతయి, ఒత్తుడు మాత్రం పోతది అని. నేను కొత్త మీటరు తెచ్చి, పైపు వంచి పెట్టిన. రెండేండ్లాయె, ముల్లు మంచిగ తిరుగుతున్నది.”

“మరి చెవి యొగ్గి వినుట ఎందుకు?” అంటిని.

“అలవాటు సార్. మీటరు ఒకటి చెప్పి చెవి ఇంకోటి చెప్తే, చెవి మాటే ఇంట. మావోడు తిడ్తడు.” ఆయన నవ్వుచు ఆ చుట్టును వ్రేలితో తాకబోయి, వేడికి చప్పున చేయి వెనుకకు లాగుకొనెను. “నాలుగేండ్ల చదువుల మా ఇంటికచ్చింది గిదొక్కటే” అని, మరల గొట్టముపై చెవి నుంచి, ముల్లువైపు ఒక చూపు చూచి, ఆవిరి వాల్వును కట్టివేసెను. పనివారిద్దరు డ్రమ్మును వంచగా, పొగలు గ్రక్కుచు పసుపు కొమ్ములు టార్పాలినుమీదికి జారిపడినవి.